పాఠం 14: ఇంటి దగ్గర దూరదర్శిని

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• పెద్ద దూరదర్శిని వల్ల లాభమేమిటో చెప్పగలుగుతారు.
• చూసినదాన్ని సమయంతో సహా ఎందుకు రాసుకోవాలో వివరించగలుగుతారు.

14.1 వెలుగును పోగుచేసే పరికరం

మీరు భిలాయిలో ఉంటున్నారనుకొందాం. రాత్రి మీ క్వార్టరు ముందు నిలబడి ఆకాశం చూడండి. వీధి దీపాలు, ఉక్కు కర్మాగారపు వెలుగుల వల్ల మసక నక్షత్రాలు కనిపించవు. ఇలాంటి చోట దూరదర్శిని పనికివస్తుందా?

చీకటిలో మన కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల వెడల్పుకు తెరుచుకొంటుంది. 6 అంగుళాల దూరదర్శిని వెడల్పు సుమారు 150 మిల్లీమీటర్లు, అంటే 21 రెట్లు. వైశాల్యం 21 × 21, అంటే 441 రెట్లు. అది పోగుచేసే కాంతి కూడా దాదాపు అన్ని రెట్లు ఎక్కువ.

అయితే అది ఊరి వెలుగును కూడా పోగుచేస్తుంది. చంద్రుడు, గురుడు, శని వలయాలు ఊళ్లోనే చక్కగా కనిపిస్తాయి. మసక నీహారికలను చూడాలంటే ఊరికి దూరంగా వెళ్లాలి. ఎండకు కాగిన డాబా రాత్రి వేడిని వదులుతూ ఉంటే బింబం వణుకుతుంది. కాబట్టి గడ్డి ఉన్న నేల మేలు.

14.2 విశాఖపట్నంలో ఒక ఇల్లు

గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో తన ఇంటి దగ్గరే వేధశాల ఏర్పరచుకొన్నారు. 1856లో ఆయన మరణించిన తరవాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు ఆ పని కొనసాగించారు. 1874లో ఆయన 6 అంగుళాల దూరదర్శినిని అమర్చారు.

ఆ ఏడాది డిసెంబరు 9న శుక్రుడు నల్లని చుక్కలా సూర్యబింబం మీదుగా దాటాడు. నర్సింగరావు దానిని పరిశీలించి, వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. భూమిపై వేరువేరు చోట్ల నుంచి చూస్తే ఈ దాటే సమయాల్లో కొద్ది తేడా ఉంటుంది. ఆ తేడాతో సూర్యుడి దూరం లెక్కకట్టవచ్చు. సమయం రాసుకోకపోతే అది ఒక వింత దృశ్యం మాత్రమే. సమయం రాస్తే, ఒక ఇంటివారి చూపు ప్రపంచానికంతటికీ లెక్క అవుతుంది. శుక్రుడు మళ్లీ అలా దాటేది 2117లో.

14.3 మీరు చేయండి

గురుగ్రహాన్ని దూరదర్శినితో చూడండి. పక్కన నాలుగు చుక్కల దాకా కనిపిస్తాయి. అవి దాని ఉపగ్రహాలు. గంటకొకసారి వాటి స్థానాలను బొమ్మ గీయండి. తేదీ, సమయం, ఊరు, ఆకాశ స్థితి తప్పక రాయండి. ఇలా వారం రోజులు చేయండి.

హెచ్చరిక: తగిన సౌర వడపోత ముందు భాగాన బిగించకుండా దూరదర్శినితో సూర్యుణ్ణి ఎన్నడూ చూడకండి. చూపు పోతుంది.

పాఠ్యగత ప్రశ్నలు

1. వెడల్పు రెట్టింపయితే దూరదర్శిని పోగుచేసే కాంతి ఎన్ని రెట్లవుతుంది?
2. ఊళ్లో నీహారికలు స్పష్టంగా ఎందుకు కనిపించవు?
3. నర్సింగరావు పరిశీలన ఇతరులకు ఎలా ఉపయోగపడగలదు?
4. మీ పుస్తకంలోని ఒక రాత్రి వివరాలను చూసి, ఏ ఉపగ్రహం ఎక్కువగా కదిలిందో రెండు వాక్యాల్లో రాయండి.