తండ్రి భయము – బిడ్డ బలము

2003వ సంవత్సరమున అమెరికాలో పిక్సార్ సంస్థవారు నిర్మించిన ‘ఫైండింగ్ నీమో’ అను బొమ్మల చలనచిత్రము పిల్లలకొరకే యని తలంతుము. కాని అందలి పాఠము తల్లిదండ్రులది.

కథ ఆస్ట్రేలియా తీరమందలి గ్రేట్ బారియర్ రీఫ్ అను పగడపు దిబ్బలలో మొదలగును. పెద్దచేప వాతన ఆలిని, గ్రుడ్లను కోల్పోయిన మార్లిన్ అను చేపకు నీమో యొక్కడే మిగిలెను. వాని ఈతరెక్కలలో ఒకటి చిన్నది. “నీచేత కాదు” అని తండ్రి మాటిమాటికి వారించును. బడికి పోయిన తొలినాడే, ఆ మాట సహింపక, నీమో పంతమునకు దూరముగా ఈదిపోయి మనుష్యుల చేతబడి, సిడ్నీ నగరమున ఒక దంతవైద్యుని గాజుతొట్టె చేరును. మతిమరపు డోరీ తోడుగా తండ్రి సొరచేపలను, జెల్లీచేపలను దాటి వెదకుచు పోవును.

తండ్రీకొడుకులు కలిసికొన్న పిమ్మటి ఘట్టమే ముఖ్యము. డోరీయు, వేరు చేపలును వలలో చిక్కగా, విడిపించుటకు తాను పోయెదనని నీమో యనును. తండ్రి తటపటాయించి, తుదకు పోనిచ్చును. నీమో మాటపై చేపలన్నియు ఒక్కపెట్టున క్రిందికి ఈదగా వల తెగిపడును.

తెలుగుబడిలో చదివిన బిడ్డ పైతరగతులలో పరభాషలో నెగ్గలేడేమోయని మాతో చెప్పుకొను తల్లిదండ్రులు కలరు. ఆ భయము ప్రేమవలన పుట్టినదే. మార్లిన్ భయమును అట్టిదే. అయినను “నీచేత కాదు” అను మాట బిడ్డ చెవిని పడనీయరాదు. ఈ చిత్రమును బిడ్డలతో కూడ చూచి, కథను వారిచేతనే తెలుగున చెప్పింపవలెనని మా మనవి.