శిథిలములనుండి వెలువడిన మోటారుసైకిలు

పాతబడిన యంత్రమును పునరుద్ధరించుట యనగా తుప్పు గోకి, రంగు పూసి, మెఱయునట్లు చేయుటయే యని పలువురు తలంచుచుందురు. అది అంతమాత్రమే కాదని చూపుటకు జర్మనీ దేశపు బి.ఎమ్.డబ్ల్యు. ఆర్ 24 అను మోటారుసైకిలును దృష్టాంతముగా గైకొనుచున్నాము.

ఈ కంపెనీ మ్యూనిక్ నగరమున విమానముల ఇంజనులు చేయుటతో వృద్ధిపొంది, 1923లో తన మొదటి మోటారుసైకిలును వెలువరించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున (1939–1945) యుద్ధవిమానముల ఇంజనులే దాని ముఖ్యమైన పని. ఆ పనికై నిర్బంధ కూలీలను, డాకౌ చెఱశిబిరమునకు లోబడిన అలాక్ శిబిరపు ఖైదీలను ఉపయోగించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా సైనికాధికారులు మ్యూనిక్ కార్ఖానాను విప్పివేయ నాజ్ఞాపించిరి. మోటారుసైకిళ్లు చేయుచుండిన ఐసెనాక్ కార్ఖానా సోవియటు మండలమున చేరెను. మ్యూనిక్‌లో మిగిలిన పనివారు దొరకిన లోహముతో వంటపాత్రలు, సైకిళ్లు చేసి జీవించిరి.

తరువాత 250 ఘనసెంటీమీటరులకు మించని మోటారుసైకిళ్లు చేయుటకు అనుమతి లభించెను. పాత పటములు చేతికి రానందున, యుద్ధమునకు ముందటి ఆర్ 23 బండిని విప్పి, ఒక్కొక్క భాగమును కొలిచి, క్రొత్త పటములు గీసికొనిరి. అట్లు సిద్ధమైన ఆర్ 24ను 1948 మార్చిలో జెనీవా ప్రదర్శనమున చూపి, డిసెంబరులో తయారుచేయ మొదలిడిరి. 1950 వఱకు 12,020 బండ్లు వెలువడెను.

ఈ బండికి సిలిండరు ఒక్కటే. దాని పరిమాణము 247 ఘనసెంటీమీటరులు. బలము 12 అశ్వశక్తులు. పరమవేగము గంటకు ఇంచుమించు 95 కిలోమీటరులు. దీనికి గొలుసు లేదు. గేరుపెట్టె నుండి ఒక ఉక్కుకడ్డీ తిరుగుచు వెనుకకు సాగును. దాని కొనయందలి పండ్లచక్రములు ఆ తిరుగుడును వెనుకచక్రమునకు అందించును. ఆ పండ్లు నూనెగల మూతపెట్టెలో నుండుటచే వానికి దుమ్ము సోకదు. వెనుకచక్రమునకు స్ప్రింగులు లేవు గనుక, ఆసనపు స్ప్రింగులే కుదుపును భరింపవలెను.

ఇట్టి బండి చేతికి వచ్చినప్పుడు శ్రద్ధగల పనివాడు మొదట సుత్తిని గాక కాగితమును పట్టును. చట్రముపైని సంఖ్యను, ఇంజనుపైని సంఖ్యను వ్రాసికొని, అవి రెండును ఒకే బండివగునో కావో విచారించును. విప్పిన ప్రతి భాగమునకు చీటి కట్టును. బిగిసిన మరలను బలాత్కారముగా త్రిప్పక, నూనె పట్టించి ఓర్పుతో వదలించును. పగిలిన రబ్బరును, అరిగిన బేరింగులను మార్చును; పనికివచ్చు పాతభాగమును మాత్రము పాఱవేయడు. ఏది పాతదో, ఏది క్రొత్తదో వ్రాసియుంచును. అట్లు వ్రాయనియెడల కొనువాడు మోసపోవును.

విద్యార్థులారా, ఆయుధములు సేద్యపు పనిముట్లగు దినమును యెషయా ప్రవక్త దర్శించెను. విమానముల ఇంజనులు చేసిన చోట వంటపాత్రలు పుట్టుట చూడగా ఆ దర్శనము మనకు జ్ఞప్తికి వచ్చును. అయినను ఇక్కడ ఆ మార్పు పశ్చాత్తాపమువలన గాక ఓటమివలన కలిగెను. చేయు వస్తువు మాఱినంతమాత్రమున అలాక్ ఖైదీల కష్టము తుడిచిపోదు. కావున ఈ బండి చరిత్రను చెప్పువారు, పటములు లేకయే దానిని నిర్మించిన పనివారి నేర్పును పొగడవలెను. ఆ కంపెనీకై చెఱలో శ్రమించినవారినిగూడ పేర్కొనవలెను. లోహమునకు పట్టిన తుప్పును తీయవచ్చును గాని, చరిత్రలోని మచ్చకు రంగు పూయరాదు. సత్యమును దాచని పునరుద్ధరణమే నిజమైన పునరుద్ధరణమని మా అభిప్రాయము.