ఒక నీడ, రెండు ఊళ్లు

మధ్యాహ్నం సరిగ్గా ఎన్ని గంటలకు అవుతుంది?

ఇలా అడిగితే మీరు నవ్వుతారని నాకు తెలుసు. "పన్నెండు గంటలకు కాక ఇంకెప్పుడవుతుంది మాస్టారూ?" అంటారు. మా భోగాపురంలో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అదే మాట అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని వాళ్లు భూమి చుట్టుకొలతలో ఏకంగా 2,400 కిలోమీటర్లు తగ్గించేశారు! ఆ కథ చెబుతాను. ఇందులో ఒక నీడ ఉంది, ఒక సెల్‌ఫోను ఉంది, రెండు ఊళ్ల పిల్లలు ఉన్నారు. నా పొరపాటు కూడా కొంత ఉంది.

ముందు అసలు విషయం చూద్దాం. సుమారు 2,250 సంవత్సరాల క్రితం ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ అనే పండితుడు ఉండేవాడు. అక్కడికి దక్షిణాన సైయీన్ అనే ఊళ్లో, ఇప్పటి అస్వాన్‌లో, ఏడాదిలో అతి పొడవైన పగటి రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడనీ, నీడ పడదనీ ఆయనకు తెలుసు. అదే రోజు అదే వేళకు అలెగ్జాండ్రియాలో మాత్రం నీడ పడింది. సూర్యకిరణాలు నడినెత్తి నుంచి వృత్తంలో 50వ వంతు, అంటే 7.2 డిగ్రీలు వంగి వస్తున్నాయని తేలింది. సూర్యుడు ఎంతో దూరంలో ఉన్నాడు కనుక కిరణాలు రెండు ఊళ్లకూ సమాంతరంగానే వస్తాయి. మరి ఈ తేడా ఎక్కడిది? భూమి గుండ్రంగా ఉండటం వల్ల వచ్చినది. కాబట్టి రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 50తో గుణిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. ఎంత సులువో చూశారా!

ఆయనకు సైయీన్ సంగతి ముందే తెలుసు కనుక అక్కడ ఎవరూ కొలవనక్కర లేకపోయింది. మనకు ఆ సదుపాయం లేదు. ఉత్తరాన ఒక బడి, దక్షిణాన ఒక బడి ఉండాలి. రెండూ ఒకే రోజున కొలవాలి. ఒక బడి పిల్లలు ఎంత తెలివైనవాళ్లయినా రెండో బడి లేకుండా ఈ లెక్క కట్టలేరు. నాకు ఈ ప్రయోగం నచ్చింది అందుకే.

మాకు సూళ్లూరుపేటలోని ఒక బడి తోడు దొరికింది. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి దగ్గర ఊరు కదా, దాని పేరు వినగానే మా పిల్లలకు హుషారు వచ్చింది. 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు పరికరాలు అమర్చిన 'ఆజాదీశాట్' ఉపగ్రహం 2022 ఆగస్టు 7న అక్కడి నుంచే ఎగిరింది. ఆ రోజు రాకెట్ దానిని సరైన కక్ష్యలో పెట్టలేకపోయింది. 2023 ఫిబ్రవరి 10న రెండో ఆజాదీశాట్ కక్ష్యలోకి చేరింది. ఈ సంగతి చెప్పినప్పుడు వెనుక బెంచీ నుంచి ఒకడు, "అయితే మనకీ రెండో చాన్సు ఉంటాదన్నమాట" అన్నాడు. వాడి మాటే నిజమైంది.

మేము ఎంచుకున్న రోజు 2023 సెప్టెంబరు 23. ఆ రోజు విషువత్తు. సూర్యుడు భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంటాడు. ఆ సంవత్సరం ఆ క్షణం మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాలకు వచ్చింది. ఇంతకన్నా మంచి ముహూర్తం పంచాంగంలో కూడా దొరకదు! రెండు బడులూ ఒకే రోజున కొలవాలని ఎందుకన్నానంటే, ఈ రోజుల్లో సూర్యుడి స్థానం రోజుకు 0.4 డిగ్రీల చొప్పున మారుతూ ఉంటుంది. ఒకరు ఈ రోజు, ఒకరు రేపు కొలిస్తే లెక్క పాడవుతుంది. ఒక ఊళ్లో మబ్బు పడితే రెండో ఊరి శ్రమ కూడా వృథాయే.

పుల్ల పాతి నీడ కొలవడం తేలికే అనుకుంటాం. ఒకసారి చూడండి. మీటరు ఎత్తు పుల్ల నీడకు అంచు స్పష్టంగా ఉండదు. సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, బిళ్ల కాబట్టి అలా జరుగుతుంది. అందుకని మేము పుల్లకు బదులు ఒక అట్టముక్కకు సన్నని రంధ్రం పొడిచి, దానిని డాబా మీద సరిగ్గా 100 సెంటీమీటర్ల ఎత్తున అడ్డంగా బిగించాం. రంధ్రం గుండా కిందికి వచ్చే వెలుగు సెంటీమీటరు వెడల్పున గుండ్రని బొట్టులా పడుతుంది. ఆ బొట్టు సూర్యుడి బొమ్మే సుమా! దాని నడిమి భాగాన్ని పెన్సిలుతో గుర్తించడం సులభం. రంధ్రానికి సరిగ్గా కింద ఉన్న బిందువు కూడా తెలియాలి కదా! అందుకు మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వేలాడదీసే గుండు తెచ్చాం. కానీ మాకు సముద్రం దగ్గర. ఆ గాలికి గుండు ఒక్క క్షణం నిలిస్తే ఒట్టు. ఒక పిల్లవాడు నీళ్ల గిన్నె తెచ్చి గుండును అందులో ముంచాడు. ఊగడం ఆగిపోయింది. అది నాకు తట్టలేదు, వాడికి తట్టింది.

ఐదుగురు పిల్లలు పని పంచుకున్నారు. ఒకరు గుండు, ఒకరు పెన్సిలు, ఒకరు స్కేలు, ఒకరు నోటుపుస్తకం చూసుకున్నారు. ఒక అమ్మాయి నా సెల్‌ఫోనుతో 11 గంటల 30 నిమిషాల నుంచి 12 గంటల 10 నిమిషాల వరకు రెండేసి నిమిషాలకు ఒక ఫోటో తీసింది. ప్రతి ఫోటోలోనూ స్కేలూ గడియారమూ కనిపించాలని నేను పెట్టిన నియమం. ఆ 21 ఫోటోలనూ వరసగా చేర్చి, పిల్లలు తమ గొంతుతో వ్యాఖ్యానం చెప్పి, మూడు నిమిషాల చిన్న సినిమా తయారుచేసి సూళ్లూరుపేటకు పంపాలి. వాళ్లది మాకు రావాలి.

ఇక్కడ ఒక మాట. 1975 ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు మన దేశం అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందించింది. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అది గొప్ప ప్రయత్నమే. కానీ ఆ పెట్టెలోంచి మాట వచ్చేదే తప్ప పిల్లల మాట అందులోంచి అవతలికి పోయేది కాదు. 2022 డిసెంబరులో మన ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి వారికి ట్యాబ్‌లు ఇచ్చారు. చాలామంది వాటిలోనూ పాఠాలు చూడటమే చేశారు. చూడటం తప్పు కాదు. కానీ చూసినదాని మీద మనం పోట్లాడలేం. మనం చేసినదాని మీద పోట్లాడగలం. మా డాబా మీద జరిగింది అదే.

స్కేలు పట్టిన అబ్బాయి లెక్కల్లో దిట్ట. గడియారం పన్నెండు కొట్టగానే కొలిచి, "33 సెంటీమీటర్లు" అన్నాడు. నోటుపుస్తకంలో 33 పడింది. ఫోటోలు తీస్తున్న అమ్మాయి మెల్లగా, "మేష్టారూ, ఇందాక 11 గంటల 48 నిమిషాలకి ఇంకా పొట్టిగా ఉందండి, 32.5 ఉందండి" అంది. మిగిలిన నలుగురూ ఒక్కటయ్యారు. "సూళ్లూరుపేటోళ్లు కూడా పన్నెండుకే కొలుస్తారు. మనం వేరే టైము చెప్తే ఎలగ?" అన్నారు. "నాది తప్పేటండి?" అని ఆ పిల్ల నా వంక చూసింది. తరువాతి పీరియడుకు గంట కొట్టే వేళయింది. "సరే, ముందు పూర్తి చేయండి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సూళ్లూరుపేట నుంచి వచ్చిన నీడ 24.4 సెంటీమీటర్లు. ఫోనులోని గణన యంత్రంతో నీడల పొడవులను కోణాలుగా మార్చారు. మాది 18.3 డిగ్రీలు, వాళ్లది 13.7. తేడా 4.6. ఇక దూరం. బస్సు తిరిగే రోడ్డు దూరం పనికిరాదు. మనకు కావలసింది ఉత్తర దక్షిణాల మధ్య ఉన్న తిన్నని దూరం. రాష్ట్ర పటంలో రెండు ఊళ్ల మీదుగా తూర్పు పడమరలుగా గీతలు గీసి, వాటి మధ్య ఎడాన్ని స్కేలుతో కొలిస్తే 480 కిలోమీటర్లు వచ్చింది. 360ని 4.6తో భాగించి 480తో గుణిస్తే సుమారు 37,600 కిలోమీటర్లు. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత 40,008. "దగ్గర్లోకి వచ్చాం కదండీ" అని సంతోషపడి సినిమా పంపేశారు.

రెండు రోజుల తరువాత జవాబు వచ్చింది. వాళ్లు మా సినిమాను ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆపి చూశారట. "మీరు నోటితో 33 అంటున్నారు. మీ ఫోటోల్లో 11.48 దగ్గర నీడ 32.5 ఉంది. మీ అతి చిన్న నీడ ఏది?" అని అడిగారు.

మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఆ అమ్మాయి ఫోటోలన్నీ వరసగా పెట్టి చూపించింది. 12 గంటలకు నీడ 33 ఉంటే, 11 గంటల 36 నిమిషాలకు కూడా 33 ఉంది. అతి చిన్న నీడకు అటూ ఇటూ నీడ ఒకేలా పెరుగుతుంది కదా! అంటే మిట్టమధ్యాహ్నం ఈ రెండింటికీ సరిగ్గా నడుమ, 11 గంటల 48 నిమిషాలకు వచ్చింది. ఈ ఉపాయం గుర్తుంచుకోండి. అతి చిన్న నీడ దగ్గర నాలుగైదు నిమిషాల పాటు పొడవు మారినట్టే కనిపించదు కాబట్టి నేరుగా చూసి సమయం చెప్పడం కష్టం. అటూ ఇటూ ఉన్న సమానమైన నీడలు పట్టుకుంటే తేలిపోతుంది.

లెక్క మళ్లీ కట్టారు. నీడ 32.5 అయితే కోణం 18.0. తేడా 4.3. చుట్టుకొలత సుమారు 40,200 కిలోమీటర్లు! అరసెంటీమీటరు ఎంత పని చేసిందో గమనించారా? మరీ గర్వపడకండి, ఒక్క మిల్లీమీటరు తప్పినా జవాబు దాదాపు 500 కిలోమీటర్లు అటో ఇటో పోతుంది. మాకు కొంత అదృష్టం కూడా కలిసొచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. వాళ్ల సినిమాను కూడా మా పిల్లలు ఇప్పుడు ఆపి ఆపి చూశారు. అక్కడ అతి చిన్న నీడ 12 గంటల 2 నిమిషాలకు పడింది. మాకు 11.48, వాళ్లకు 12.02. రెండు ఊళ్లలోనూ ఒకే గడియారం, అయినా 14 నిమిషాల తేడా! "వాళ్ల గడియారం తప్పేమో" అని ఒకరు, "మన ఫోనే తప్పేమో" అని ఇంకొకరు. లెక్కల అబ్బాయి అట్లాసు తెచ్చాడు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. 14 నిమిషాలంటే మూడున్నర డిగ్రీలు. పటంలో భోగాపురం 83.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, సూళ్లూరుపేట 80 డిగ్రీల మీద ఉన్నాయి. మేము తూర్పున ఉన్నాం కనుక సూర్యుడు ముందు మాకు నడినెత్తికి వస్తాడు. చుట్టుకొలత కొలవబోయి, రెండు ఊళ్ల రేఖాంశాల తేడా కూడా కొలిచామన్నమాట. నీడలు సరిపోలితే ఈ సంగతి ఎవరికీ తట్టేది కాదు.

మాకు దగ్గరలోని విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత ఖర్చుతో నక్షత్రశాల నెలకొల్పారు. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటిపోవడాన్ని పరిశీలించారు. వారి పనిలో కూడా వేళను తప్పు లేకుండా రాసిపెట్టడమే ముఖ్యం. మా నోటుపుస్తకంలో 33ను కొట్టేయవద్దని పిల్లలకు చెప్పాను. దాని పక్కనే 32.5 రాసి, ఎందుకు మారిందో కూడా రాశారు. రాసినది లెక్కల అబ్బాయే. సినిమాలోని వ్యాఖ్యానం ఈసారి ఆ అమ్మాయి చెప్పింది.

మీరు కూడా చేయండి. మీకన్నా బాగా ఉత్తరానో దక్షిణానో ఉన్న ఒక బడిని వెతుక్కోండి. ఊళ్ల మధ్య ఎడం ఎక్కువైన కొద్దీ తప్పు తగ్గుతుంది. కొలత ఒక్కటే పంపకండి, ఫోటోలన్నీ పంపండి. ఫోను ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉండిపోకుండా చూసుకోండి. మా జట్టులో ఆ తప్పు కూడా జరిగింది.

చివరికి మీకొక చిక్కు ప్రశ్న. తరువాతి విషువత్తు మార్చిలో వస్తుంది. అప్పుడు కూడా సూర్యుడు భూమధ్యరేఖ మీదనే ఉంటాడు, భోగాపురం రేఖాంశమూ మారదు. అయినా మార్చి 21న మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం 11.48కి కాదు, 12 గంటల 3 నిమిషాలకు అవుతుంది. ఎందుకు?