సముద్రము వీడిన ద్వీపము

నెదర్లాండ్సు దేశమున సుమారు నాలుగింట ఒక వంతు భూమి సముద్రమట్టమునకు దిగువన ఉన్నది. అందుచే ఆ దేశచరిత్రలో నీటితో జరిగిన పోరాటమే ప్రధానమైనది. ఆ పోరాటమున దేశము గెలుపొందినను, కొందరు ఆ గెలుపునకు వెల చెల్లింపవలసివచ్చెను. ఉర్క్ అను చిన్న పురపాలక ప్రాంతపు చరిత్ర ఇందుకు నిదర్శనము.

ఉర్క్ పూర్వమొక ద్వీపము. దేశమధ్యమునకు చొచ్చుకొనివచ్చిన జైడర్ సముద్రములో, మంచుయుగమున హిమానీనదములు తెచ్చి విడిచిన బంకమన్నుతోను రాళ్ళతోను ఏర్పడిన మిట్టపై ఆ గ్రామము వెలసినది. పొరుగుననున్న స్కోక్‌లాండు ద్వీపము పల్లమగుటచే 1859లో ప్రభుత్వము అచటి ప్రజలను ఖాళీ చేయించెను. ఉర్క్ వాసులు మాత్రము తమ మిట్టపైననే నిలిచి, చేపలవేటతో జీవించిరి. ఆదివారము పడవలన్నియు రేవున నుండుట వారి ఆచారము.

జైడర్ సముద్రమునకు అడ్డముగా కరకట్ట వేయవలెనని కొర్నేలిస్ లేలీ అను ఇంజనీరు 1891లోనే పథకము రచించెను. 1916 జనవరిలో గొప్ప ఉప్పెన వచ్చి తీరగ్రామములను ముంచివేసిన పిదప ప్రభుత్వము మేల్కొనెను. లేలీ మంత్రిగా నుండగా 1918లో ఆ పథకము చట్టమైనది. 1929లో మరణించుటచే ఆయన దాని ఫలమును చూడలేకపోయెను. 32 కిలోమీటర్ల కరకట్టలోని చివరి సందు 1932 మే 28వ తేదీన మూయబడినది.

నాటితో ఉప్పెన భయము తగ్గెను. కాని ఉప్పునీరు లోనికి వచ్చు మార్గము మూసికొనిపోయెను. ఐసెల్ నది తెచ్చు మంచినీటితో ఆ సముద్రము క్రమముగా సరస్సుగా మారెను. ఉప్పునీటి చేపలు కనుమరుగయ్యెను. జాలరులకు తోడ్పడుటకై ప్రభుత్వము 1925లోనే ఒక చట్టము చేసియుండెను. కాని తరతరముల వృత్తికి ధనసహాయము సాటి రాదు.

అంతటితో ఆగలేదు. 1939లో వేసిన మరియొక కట్ట ఉర్క్‌ను ప్రధానభూమితో కలిపెను. 1942 నాటికి దాని ప్రక్కన నీటిని తోడివేయగా 48,000 హెక్టార్ల నేల బయటపడెను. ఇట్టి నేలను ఆ దేశీయులు పోల్డరు అందురు. నిన్నటివరకు పడవలు తిరిగిన తావున, దేశపు వివిధ ప్రాంతములనుండి ఎంపికైన రైతులు వచ్చి సేద్యము మొదలిడిరి.

ఉర్క్ జాలరులలో పెక్కుమంది వల విడువలేదు. పెద్ద పడవలు సమకూర్చుకొని ఉత్తర సముద్రమునకు పోయిరి. నేటికిని వారి పడవలలో పెక్కు దూరపు రేవులలో ఆగును. చేపలు లారీలపై ఉర్క్ చేరి వేలమునకు వచ్చును. ఇరువదివేలకు మించిన జనాభాగల ఈ పట్టణము 1986నుండి ఫ్లేవోలాండు రాష్ట్రమున చేరియున్నది.

సరస్సు ఒడ్డున 1968లో నెలకొల్పిన స్మారకమొకటి కలదు. వెనుదిరిగి నీటివైపు చూచుచున్న స్త్రీమూర్తి అది. చుట్టునున్న ఫలకములపై వేటకుపోయి మరలిరాని వారి పేర్లు చెక్కబడియున్నవి. సముద్రము ఉర్క్‌ను వీడినను, ఉర్క్ సముద్రమును వీడలేదు.