వేపచెట్టు కింద లెక్క

మార్చి నెల. ఒంటిగంట కావస్తోంది. మండల కేంద్రంలో హైస్కూలు గేటు తెరిచారు. పదో తరగతి పిల్లలు బిలబిలా బయటికొచ్చారు. ఆ రోజు లెక్కల పరీక్ష.

గేటు ఎదురుగా వేపచెట్టు ఉంది. బస్సు రావడానికి ఇంకా అరగంట పడుతుంది. చెట్టు కింద అయిదుగురు ఆడపిల్లలు చేరారు. అందరిదీ ఒకే ఊరు. పొద్దున తిన్న ఇడ్లీ ఎప్పుడో అరిగిపోయింది. అయినా అన్నం మాట ఎవరూ ఎత్తలేదు. అందరి చేతుల్లోనూ ప్రశ్నపత్రాలే.

"పొదుపు లెక్కకు నీకెంతొచ్చిందే?"

"2520."

"నాకూ అంతే!"

"హమ్మయ్య, నాకూ అదే."

నాలుగో పిల్ల మాట్లాడలేదు. రెండు జడల పిల్ల. గట్టిగా అడిగితే మెల్లగా చెప్పింది.

"నాకు 2640 వచ్చింది."

"అయ్యో! అది ఎనిమిది మార్కుల లెక్క కదే! మొత్తం పోయినట్టే."

అంతే. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగతా లెక్కలు ఎలా రాసిందో ఆమెకే గుర్తు రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఊరు వచ్చేదాకా నోరు విప్పలేదు.

అక్కల్లారా! పరీక్ష అయ్యాక పిల్లలు ఇలా సరిచూసుకోవడం మామూలే. రాష్ట్రమంతా ఒకే రోజు, ఒకే వేళకు ఒకే పరీక్ష. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 6 లక్షల 14 వేల మందికి పైగా పిల్లలు పదో తరగతి పరీక్ష రాశారు. ఎవరు ఎక్కడ రాసినా ప్రశ్నలు అవే. అందుకే జవాబులు కలుస్తాయో లేదో చూసుకోవాలని మనసు పీకుతుంది. అందులో తప్పు లేదు. మనం సంతకు వెళ్లొచ్చి ధరలు పోల్చుకోమా? కానీ చెట్టు కింద తేలేది ఆఖరి జవాబు ఒక్కటే. దిద్దే టీచరు చూసేది అదొక్కటే కాదు. పైగా నలుగురికి ఒకే జవాబు వచ్చినంత మాత్రాన అది ఒప్పని కూడా కాదు. నలుగురూ ఒకే ట్యూషన్లో ఒకే తప్పు నేర్చుకుని ఉండొచ్చు.

సరే, ఆ పిల్ల ఇంటికి వచ్చింది. సంచి మూల పడేసింది. అన్నం వద్దంది. గోడవైపు తిరిగి పడుకుంది.

తల్లి కూలికి వెళ్లి సాయంత్రం వచ్చింది. పొద్దున వండిన అన్నం అట్లాగే ఉంది. అదే వేళకు తల్లి తమ్ముడు కూడా వచ్చాడు. సంగతి విన్నాడు.

"లెక్కల్లో పోతే ఇంకేం చదువక్కా? మంచి సంబంధం ఒకటుంది. చేసేద్దాం."

"పిల్లకు పదిహేనేళ్లురా తమ్ముడూ. పద్దెనిమిది నిండకుండా పెళ్లేంటి?"

"ఊళ్లో ఎవరూ చేయట్లేదా ఏంటి?"

"చేస్తే చేసినవాళ్ల మీద కేసవుతుంది. నా పిల్ల లెక్క నన్ను చూసుకోనీ. నువ్వు టీ తాగి వెళ్లు."

ఆమె చెప్పింది నిజం. బాల్య వివాహాలను ఆపడానికి 2006లో చట్టం చేశారు. ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్లు నిండాలి. పిల్లకు ఇష్టం లేకుండా ముహూర్తం పెడితే 1098కి ఫోను చేయవచ్చు. ఆ ఫోనుకు డబ్బులు పడవు. పరీక్ష పోయిందన్న మాట చాలా ఇళ్లలో పెళ్లికి సాకు అవుతోంది. పోయిందో లేదో తెలియకముందే!

తమ్ముడు వెళ్లాడు. తల్లి కూతురి పక్కన కూర్చుంది. తిట్టలేదు. ఏడవద్దని కూడా అనలేదు. కాసేపు తల నిమిరింది. తర్వాత అంది.

"ఆ లెక్క ఏంటో చదువమ్మా. పొదుపు లెక్కంటివి గదా. మాకు రోజూ ఉండేదే."

పిల్ల విసుక్కుంది. అయినా చదివింది. ఒకామె మొదటి నెల 100 రూపాయలు దాచింది. ఆ తర్వాత ప్రతి నెలా అంతకు ముందు నెల కంటే 20 ఎక్కువ దాచింది. 12 నెలలకు మొత్తం ఎంత?

తల్లి రాత్రి బడిలో అంకెలు నేర్చుకుంది. పొదుపు సంఘం పుస్తకం ఆమే రాస్తుంది. పెన్సిలు తీసుకుని వరసగా వేసింది. 100, 120, 140, 160, 180, 200. కింద 220, 240, 260, 280, 300, 320.

"మొదటి నెలా ఆఖరి నెలా కలుపు. 420. రెండో నెలా పదకొండో నెలా కలుపు. అదీ 420. అట్లా ఆరు జతలు. ఆరు 420లు ఎంత?"

"2520," అంది పిల్ల. లేచి కూర్చుంది. "మా సూత్రం కూడా ఇదేనమ్మా!"

"మరి నువ్వెక్కడ తప్పావు?"

పిల్ల మళ్లీ వేసి చూసుకుంది. నెలలు పన్నెండే. కానీ పెంచడం పదకొండు సార్లే. మొదటి నెల పెంపు లేదు. ఆమె 11 వేయాల్సిన చోట 12 వేసింది. అదొక్కటే తప్పు.

"సూత్రం సరిగానే రాశావా?"

"రాశాను. మొదటి అంకె, నెలలు, పెంపు, అన్నీ సరిగానే రాశాను. గుణకారం దగ్గరే తప్పాను."

"రాసినంత వరకు మార్కులుండవా?"

పిల్లకు అప్పుడు గుర్తొచ్చింది. మెట్టు మెట్టుకూ మార్కులుంటాయని సారు ఎన్నోసార్లు చెప్పాడు. సూత్రానికి కొంత, అంకెలు వేసినందుకు కొంత. చెట్టు కింద ఆ మాట ఎవరికీ తట్టలేదు.

ఇద్దరూ ప్రశ్నపత్రం ముందేసుకున్నారు. లెక్కల పేపరు మొత్తం 100 మార్కులు. ఒక మార్కువి 12 ప్రశ్నలు. రెండు మార్కులవి 8. నాలుగు మార్కులవి 8. ఎనిమిది మార్కులవి 5. పాసు కావాలంటే 35 రావాలి.

"అనుమానం ఉన్నవి వదిలెయ్. కచ్చితంగా ఒప్పు అనుకున్నవే చెప్పు," అంది తల్లి.

ఒక మార్కువి తొమ్మిది. అంటే 9. రెండు మార్కులవి అయిదు. అవి 10. నాలుగు మార్కులవి నాలుగు. అవి 16. తల్లి కూడింది. 35.

"ఎనిమిది మార్కులవి ఇంకా కలపలేదే!"

"అందులో ఒకటి మొత్తం ఒప్పేనమ్మా."

"అయితే 43. ఇక అన్నం తిను."

పిల్ల తింది. ఇది పిల్ల వేసుకున్న అంచనా మాత్రమే. దిద్దేవాళ్ల చేతిలో రెండు మూడు మార్కులు అటూ ఇటూ కావచ్చు. కానీ మధ్యాహ్నం చెట్టు కింద ఆ పిల్ల లెక్క సున్నా దగ్గర ఆగిపోయింది. కాగితం మీద పెడితే 43 అయింది.

ఇంకో సంగతి. 2025లో లెక్కల పరీక్ష మార్చి 24న జరిగింది. భౌతికశాస్త్రం 26న. మధ్యలో ఉన్నది ఒక్క రోజు. అయిపోయిన పేపరు గురించి ఏడుస్తూ కూర్చుంటే ఆ ఒక్క రోజూ పోతుంది. పిల్లలు చెట్టు కింద మాట్లాడుకోకుండా మనం ఆపలేం. ఇంటికి వచ్చాక ప్రశ్నపత్రం ఎత్తిపెట్టించవచ్చు. పరీక్షలన్నీ అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

నిజంగానే తప్పితే? అప్పుడూ దారులున్నాయి. 2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. మార్కులు తక్కువ వేశారని అనుమానం ఉన్నవాళ్లు మళ్లీ కూడమని అడిగారు. దాన్ని రీకౌంటింగ్ అంటారు. ఒక్కో సబ్జెక్టుకు 500 రూపాయలు కట్టారు. జవాబులన్నీ దిద్దారో లేదో మళ్లీ చూడమని కూడా అడగవచ్చు. అది రీవెరిఫికేషన్. దానికి 1000 రూపాయలు. జవాబు పత్రం నకలు కూడా ఇస్తారు. ఇది అడిగినవాళ్లు వేరే రీకౌంటింగ్ అడగనక్కర్లేదు. ఏది అడిగినా బడి హెడ్మాస్టరు ద్వారానే వెళ్లాలి. గడువు వారం రోజులే. ఫీజు, గడువు ఏ ఏడాదికి ఆ ఏడాది బడిలో అడగాలి. తప్పిన సబ్జెక్టులకు సప్లిమెంటరీ పరీక్ష కూడా ఉంది. 2025లో అది మే 19 నుంచి 28 వరకు జరిగింది. అందులో పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. ఏడాది వృథా కాదు.

పిల్ల రెండు మూడు రోజులు తినకపోయినా, నిద్రపోకపోయినా, "నేనెందుకు బతకాలి" అన్నా, ఊరికే అంటోందని వదిలెయ్యకండి. ఒంటరిగా ఉంచకండి. 14416కు ఫోను చేయండి. పగలైనా రాత్రయినా పలుకుతారు. తెలుగులోనే మాట్లాడతారు. డబ్బులు పడవు.

మర్నాడు పొద్దున రెండు జడల పిల్ల భౌతికశాస్త్రం పుస్తకం తీసింది. ఫస్టు మార్కుల పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నిన్న ఏడో లెక్క నేనూ తప్పు రాశానే," అంది. "అక్కడ చెప్పలేదు."

"రా, కూర్చో," అంది రెండు జడల పిల్ల. చాప జరిపింది.

ఈ లెక్క మీరూ చేయండి:
ఒకామె మొదటి నెల 50 రూపాయలు దాచింది. తర్వాత ప్రతి నెలా 10 రూపాయలు పెంచుతూ పోయింది. పదో నెలలో ఎంత దాచింది? పది నెలలకు మొత్తం ఎంత? ముందు వరసగా రాసి కూడండి. తర్వాత జతలు కట్టి చూడండి. రెండు జవాబులూ కలిశాయా?