బీపీ ఒక్కటే చూసుకుంటే చాలదు

మన అక్కుపల్లి ఉద్దానంలోని ఊరు. ఇక్కడ బీపీతో పాటు కిడ్నీ గురించీ తెలుసుకోవాలి. బీపీ ఎక్కువైతే కిడ్నీ పాడవుతుంది. కిడ్నీ పాడైనా బీపీ పెరుగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు. రక్తం, మూత్రంలోని కొన్ని గుర్తులే జబ్బును చెబుతాయి. వీటినే బయోమార్కర్లు అంటారు.

1. మూత్రంలో ఆల్బుమిన్: గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే హెచ్చరిక.

2. రక్తంలో క్రియాటినిన్: దీంతో ఈజీఎఫ్ఆర్ లెక్కిస్తారు. అది మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువుంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే.

ఉద్దానం జబ్బులో చాలామందికి బీపీ పెరగకముందే, ఆల్బుమిన్ పెద్దగా పోకుండానే క్రియాటినిన్ పెరుగుతుంది. అందుకే ‘బీపీ నార్మల్’ అని ఊరుకోవద్దు. ఏటా రెండు పరీక్షలూ చేయించుకోండి. పలాసలో 2023లో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి దగ్గరే ఉంది. బీపీ మాత్రలు మానవద్దు. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. జబ్బున్నవారు రోజాలకు ముందు డాక్టరును అడగండి. ఈ శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానత్.