ఒకే ఆల్బమ్, నాలుగైదు ప్రెసింగులు: ఏది మేలో చెవితో తేల్చుకోవడం ఎలా?

మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఎల్పీ కొనబోతే మొదటి తలనొప్పి, ఏ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కొనాలన్నదే. 1959 ఆగస్టులో కొలంబియా కంపెనీ విడుదల చేసిన ఈ జాజ్ ఆల్బమ్‌ని ఆ తర్వాత ఎన్నిసార్లు మళ్లీ అచ్చేశారో లెక్క పెట్టడం కష్టం. 1990ల్లో క్లాసిక్ రికార్డ్స్ సంస్థ బెర్నీ గ్రండ్‌మన్ చేత మాస్టరింగ్ చేయించి ఒక ప్రెసింగ్ తెచ్చింది. 2015లో మొబైల్ ఫిడెలిటీ ఇదే ఆల్బమ్‌ని 45 ఆర్పీఎం వేగంతో రెండు డిస్కుల మీద పరిచింది. 2021లో అనలాగ్ ప్రొడక్షన్స్ 25,000 కాపీలకు నంబర్లు వేసి అట్టపెట్టెలో అమ్మింది. వీటికి తోడు సోనీ వాళ్ల లెగసీ లేబుల్ మీద వచ్చే మామూలు ప్రెసింగులున్నాయి, యూరప్ నుంచి వచ్చే చవక రకాలున్నాయి. అన్నిటి మీదా అవే అయిదు ట్రాకులు, ధరల్లో మాత్రం ఎన్నో రెట్ల తేడా.

ధ్వనిలో కూడా తేడా నిజంగానే ఉంటుంది. కాకపోతే ఇంట్లో రెండు రికార్డులు పోల్చి ‘ఇదే గొప్ప’ అనే వాళ్లలో చాలామంది తమకు తెలియకుండా పోల్చేది రికార్డుల్ని కాదు, వాల్యూమ్‌నీ దుమ్మునీ టర్న్‌టేబుల్ వేగాన్నీ. వాటిని ఒక్కొక్కటిగా పక్కకు తప్పిస్తే చివరికి రికార్డు ఒక్కటే మిగులుతుంది. కింద చెప్పే పనుల్లో ముప్పాతిక వంతు ఆ తప్పించడం గురించే.

మొదటి పని: టర్న్‌టేబుల్ వేగం చూసుకోండి

మిగతా ఆల్బమ్‌ల కన్నా ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎందుకో కాసేపట్లో చెబుతాను. ఫోన్‌లో ఆర్పీఎం కొలిచే యాప్ వేసుకుని, ఫోన్‌ని తిరిగే ప్లాటర్ మీద పెడితే చాలు. 33.3 దగ్గర నిలకడగా ఉండాలి.

అమెరికాలో ఉన్న పిల్లలో బంధువులో తెచ్చిచ్చిన పాత టర్న్‌టేబుల్ అయితే ఇంకొంచెం జాగ్రత్త. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి తగ్గించొచ్చు గానీ హెర్ట్‌జ్ మారదు. ఏసీ సింక్రనస్ మోటారు ఉన్న పాత మోడళ్లు కరెంటు హెర్ట్‌జ్‌ని బట్టే తిరుగుతాయి కాబట్టి, 33.3 తిరగాల్సింది మన దగ్గర 27.8 మాత్రమే తిరుగుతుంది. అలాంటి మోడల్‌కి 50 హెర్ట్‌జ్ పుల్లీ దొరుకుతుందేమో వాకబు చేయాలి. డీసీ మోటారు ఉన్నవాటికి ఈ బాధ లేదు.

రెండో పని: కడగండి

కొత్త రికార్డునైనా కడిగే మొదలుపెట్టండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రికార్డు మీద కాగితపు కవరు నూగు, ప్రెసింగ్ తాలూకు మడ్డి ఉండొచ్చు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల రికార్డు క్లీనర్ కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంటే గుండ్రంగా తుడవండి, లేబుల్ తడవనివ్వకండి. కోస్తా ఊళ్లలో వానాకాలం కవర్లకి బూజు పడుతుంది, అక్కడినుంచి గాడిలోకి చేరుతుంది. అలాంటప్పుడు లోపలి కాగితపు కవరు పారేసి కొత్తది వేయాలి. ఒక హెచ్చరిక: ఆల్కహాల్ కలిసిన క్లీనర్లని తాతల కాలం నాటి 78 ఆర్పీఎం రికార్డుల జోలికి తీసుకెళ్లకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కి కరిగిపోతాయి.

సూది కొనని కూడా తుడిచి, టోన్ ఆర్మ్ బరువు మీ కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పినంతే ఉందో లేదో చిన్న డిజిటల్ కాటాతో చూసుకోండి. ఒకసారి కుదిర్చాక పోలిక మొత్తం పూర్తయ్యేదాకా దేన్నీ కదపొద్దు.

మూడో పని: వినే చోటు ముందే ఎంచుకోండి

ఆల్బమ్ మొత్తం విని ఇంకో ప్రెసింగ్ మొత్తం వింటే, మొదటిది ఎలా ఉందో రెండోది సగంలో ఉండగానే చెవి మరిచిపోతుంది. ముప్పై నలభై సెకన్ల ముక్కలు చాలు. ఈ ఆల్బమ్‌లో నేను సూచించేవి మూడు.

ఒకటి, ‘సో వాట్’ మొదట్లో పాల్ చేంబర్స్ బేస్. అతను ఒక పలుకు పలికితే తక్కినవాళ్లు రెండు దెబ్బల్లో బదులిస్తారు. ఆ బేస్‌లో ప్రతి స్వరం విడివిడిగా, వేలు తీగని లాగి వదిలిన చప్పుడుతో సహా వినబడుతోందా, లేక అడుగున ఒక మూలుగులా కలిసిపోతోందా అన్నది చూడండి.

రెండు, అదే ట్రాకులో ఒకటిన్నర నిమిషం దగ్గర మైల్స్ సోలో ఎత్తుకునే క్షణం. సరిగ్గా అక్కడ డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక దెబ్బ వేస్తాడు. అది చాలాసేపు మోగుతూ కరిగిపోతుంది. రికార్డింగ్ జరిగింది న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో, అది ఒకప్పటి చర్చి, ఎత్తైన కప్పు. మంచి ప్రెసింగ్‌లో ఆ సింబల్ మోత వెనకాల ఆ హాలు ఎంత పెద్దదో తెలుస్తుంది. నాసిరకం దాంట్లో ‘ష్’ అని ఒక రేకు చప్పుడు, అంతలోనే ఖాళీ. నాకు ఏ ప్రెసింగ్‌నైనా తూచే చోటు ఈ ఒక్క దెబ్బే. దాని తోక ఎక్కడిదాకా వినబడుతుందో కళ్లు మూసుకుని వెంట వెళ్లి చూడండి.

మూడు, ‘బ్లూ ఇన్ గ్రీన్’. ఇది మొదటి వైపు చివరి ట్రాకు, అంటే లేబుల్‌కి దగ్గర్లో ఉండేది. 33 ఆర్పీఎం దగ్గర బయటి గాడిలో సూది కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల గాడి పరిగెడితే, లోపలి చివర 21 సెంటీమీటర్లే. అదే సంగీతాన్ని సగానికన్నా తక్కువ జాగాలో ఇరికించాలి కాబట్టి అక్కడ ధ్వని గరగరమనే ప్రమాదం ఎక్కువ. హార్మన్ మ్యూట్ బిగించిన మైల్స్ ట్రంపెట్ సన్నగా, పదునుగా ఉంటుంది. ఆ పదును అంచున ముక్కలైనట్టు ఉంటే తప్పు మీ కార్ట్రిడ్జ్ అమరికదో, ప్రెసింగ్‌దో. మరో ప్రెసింగ్‌లో అదే చోట శుభ్రంగా ఉంటే జవాబు దొరికినట్టే. సెకనుకు ఎక్కువ గాడి పరిగెత్తే 45 ఆర్పీఎం డిస్కులకి ఉన్న అసలు లాభం ఇక్కడే బయటపడుతుంది.

నాలుగో పని: శ్రుతి పెట్టి చూడండి

1959 మార్చి 2న మొదటి సెషన్ జరిగినప్పుడు, ప్రధాన టేపు రికార్డర్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా రికార్డయిన టేపుని సరైన వేగంతో వాయిస్తే సంగీతం వేగమై శ్రుతి పెరుగుతుంది. ఆ రోజు రికార్డు చేసినవి ‘సో వాట్’, ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’, ‘బ్లూ ఇన్ గ్రీన్’, అంటే మొదటి వైపు మొత్తం. ఏప్రిల్ 22న చేసిన రెండో వైపుకి ఈ దోషం లేదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రపంచమంతా మొదటి వైపుని కొంచెం హెచ్చు శ్రుతిలోనే వింది. అదే సెషన్‌లో రెండో యంత్రం మీద నడిచిన టేపుని ఆధారం చేసుకుని 1992లో ఈ లోపం సరిదిద్దారు.

మీ చేతిలో ఉన్న ప్రెసింగ్ సరిదిద్దిందా, పాతదా? దీన్ని తేల్చడానికి కర్ణాటక సంగీతం విన్న చెవి బాగా అక్కరకొస్తుంది. ‘సో వాట్’ డి డోరియన్ మీద నడుస్తుంది. డి అంటే మన లెక్కలో రెండు శ్రుతి. ఆ స్వరాల వరుస అచ్చంగా ఖరహరప్రియ. ఫోన్‌లో తంబురా యాప్ తెరిచి రెండు శ్రుతికి పెట్టి, రికార్డు వేయండి. సరిదిద్దిన ప్రెసింగ్ అయితే బేస్ వచ్చి తంబురాలో కలిసిపోతుంది. పాత వేగం అయితే బేస్ షడ్జం రెండుకీ రెండున్నరకీ మధ్య ఎక్కడో నిలబడి తంబురాతో గొడవ పడుతుంది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పదహారు బార్ల తర్వాత ఎనిమిది బార్లు అందరూ కలిసి అర మెట్టు పైకి వెళ్లి మళ్లీ దిగుతారు. అది పాట కట్టుబడి, లోపం కాదు. అందుకని పోలిక మొదటి పదహారు బార్లలోనే చేయాలి. మొదట చెప్పిన టర్న్‌టేబుల్ వేగం పరీక్ష ఇందుకే. మీ యంత్రమే వేగంగా తిరుగుతుంటే రికార్డుని తప్పు పట్టి లాభం లేదు.

హెచ్చు శ్రుతిలో ఉన్న ప్రెసింగ్‌ని చెడ్డదని కొట్టిపారేయాలని నేను అనను. దశాబ్దాలుగా ఆ వేగానికే అలవాటు పడి, అదే ఇష్టపడే వాళ్లున్నారు. కాకపోతే వేగం కాస్త ఎక్కువైతే సంగీతం హుషారుగా, ధ్వని తేటగా అనిపిస్తుంది. దాన్ని మాస్టరింగ్ గొప్పతనం అనుకుని మార్కులు వేస్తే పోలిక చెడుతుంది.

అయిదో పని: వాల్యూమ్ సమం చేయండి

ఇదొక్కటి వదిలేస్తే మిగతా శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరు. రెండు ధ్వనుల్లో ఒకటి పిసరంత గట్టిగా ఉంటే, మన చెవి దాన్ని ‘గట్టిగా ఉంది’ అనదు, ‘తేటగా ఉంది, బేస్ నిండుగా ఉంది’ అంటుంది. ఒక డెసిబెల్ తేడాకే ఈ భ్రమ కలగొచ్చు. ప్రెసింగుల మధ్య అంతకన్నా ఎక్కువ తేడా మామూలే, ఎందుకంటే ఒక్కో ఇంజనీరు గాడిని ఒక్కో స్థాయిలో కోస్తాడు.

మీరు కూర్చునే చోట తల ఎత్తులో ఫోన్ పెట్టి, శబ్దం కొలిచే యాప్ తెరవండి. ప్రతి ప్రెసింగ్‌లో ‘సో వాట్’లోని అదే ముప్పై సెకన్లు వేసి సగటు అంకె చూడండి. ఫోన్ చూపించే అంకె కచ్చితం కాకపోయినా ఫరవాలేదు, రెండిటికీ ఒకేలా కొలిస్తే చాలు. అంకెలు అర డెసిబెల్ లోపు కలిసేలా నాబ్ తిప్పి, నాబ్ చుట్టూ అంటించిన పేపర్ టేప్ మీద ఏ ప్రెసింగ్‌కి ఎక్కడో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

ఆరో పని: ఏది మోగుతోందో తెలియకుండా వినండి

ఇంట్లో ఒకరిని సాయం అడగండి. మీరు వీపు తిప్పి కూర్చుంటే వాళ్లు నాణెం ఎగరేసి ఒక రికార్డు వేస్తారు, వాల్యూమ్ గీత దగ్గరికి తిప్పుతారు. ఏదో మీరు చెప్పాలి. పదిసార్లు చేస్తే ఊరికే ఊహించినా అయిదు సరిపోతాయి. తొమ్మిది, పది సరిపోతే మాత్రం అది అదృష్టం అయ్యే అవకాశం ఒక శాతమే.

రికార్డు మార్చేలోగా నిమిషం గడిచిపోతుంది, అది చెవికి ఎక్కువ. అందుకని కంప్యూటర్ వాడగలిగితే ఇంకా మేలు. ఫోనో ప్రీయాంప్ నుంచి యూఎస్‌బీ ద్వారా రెండు ప్రెసింగుల్నీ 24 బిట్ ఫైళ్లుగా రికార్డు చేసి, ఆడాసిటీలో స్థాయి సమం చేసి, ఫూబార్ 2000కి జతచేసుకునే, ఏది ఏదో చెప్పకుండా పోల్చే ఏబీఎక్స్ పరీక్షకి ఇవ్వండి. క్షణంలో ఇటూ అటూ మారొచ్చు. అనలాగ్ రికార్డుని డిజిటల్ చేసి పోల్చడమేమిటని కొందరికి మనసొప్పదు. కానీ రెండు ప్రెసింగుల మధ్య తేడాలు ఆ ఫైళ్లలో భద్రంగానే వస్తాయి.

ఈ చాటుమాటు పరీక్ష ఎందుకంటే, అట్ట మీది మాటలు చెవిని నడిపిస్తాయి. 2022లో మొబైల్ ఫిడెలిటీ తన రికార్డుల్లో చాలావాటి తయారీలో ఏళ్ల తరబడి డిజిటల్ దశ ఉందని ఒప్పుకుంది. ఆ రికార్డుల్ని పూర్తి అనలాగ్ అనుకుని, ఆ కారణంగానే మెచ్చుకున్న అనుభవజ్ఞులు ఎందరో ఉన్నారు. దాన్నిబట్టి ఆ రికార్డులు బాగాలేవని అనలేం. ధ్వని బాగుండటానికీ, అట్ట మీద ‘అనలాగ్’ అని ఉండటానికీ మనం అనుకున్నంత చుట్టరికం లేదన్నమాట. ‘180 గ్రాములు’ అన్న స్టిక్కరూ అంతే. బరువైన రికార్డు సులువుగా వంగదు గానీ, ధ్వనిని నిర్ణయించేది ఏ టేపు నుంచి తీశారు, ఎవరు గాడి కోశారు, ఫ్యాక్టరీ ఎంత శ్రద్ధగా అచ్చేసింది అన్నవే.

ఏడో పని: విన్నాక చూడండి

పై పనులయ్యాకే రికార్డుని వెలుతురు దగ్గరికి తీసుకెళ్లండి. లేబుల్‌కీ ఆఖరి గాడికీ మధ్య ఉన్న నున్నటి పట్టీ మీద గీసిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. గాడి కోసిన ఇంజనీరు తన పొడి అక్షరాలు అక్కడే పెడతాడు. ‘బీజీ’ అని ఉంటే బెర్నీ గ్రండ్‌మన్. ఆ అంకెల్ని డిస్కాగ్స్ వెబ్‌సైట్ జాబితాతో సరిపోల్చితే మీది ఏ ఫ్యాక్టరీది, ఏ ఏడుదో తెలుస్తుంది. యూరప్ చవక ప్రెసింగుల్లో చాలావాటి మీద మాస్టరింగ్ ఎవరిదో, ఏ టేపు నుంచో చెప్పరు. అక్కడ 1963కి ముందు విడుదలైన రికార్డింగులు హక్కుల గడువు దాటిపోయాయి కాబట్టి, అసలు టేపులతో పని లేకుండా ఎవరైనా అచ్చేసుకోవచ్చు.

ఇంకో సంగతి. రికార్డు తిరుగుతుండగా టోన్ ఆర్మ్ తలని పైనుంచి చూడండి. ప్రతి చుట్టుకీ, అంటే 1.8 సెకన్లకోసారి, అది ఇటూ అటూ ఊగుతుంటే మధ్య రంధ్రం పక్కకి పడిందన్నమాట. బిల్ ఎవాన్స్ పియానో స్వరాలు నిలిచి మోగే చోట ఆ ఊగు సన్నటి వణుకుగా వినిపిస్తుంది. ఇది ఆ ఒక్క కాపీ లోపం కావచ్చు, ప్రెసింగ్ మొత్తానిది కాకపోవచ్చు. ఎంత ఖరీదైన రకమైనా వెనక్కి పంపి వేరే కాపీ అడగండి. ఒక్క కాపీ విని ఆ ప్రెసింగ్ మీద తీర్పు చెప్పకండి.

ఇవన్నీ చేశాక పదిలో ఆరేడు మాత్రమే సరిపోయాయనుకోండి, మీ యంత్రం మీద మీ చెవికి ఆ రెండూ ఒకటే అని లెక్క. చవకది ఉంచుకుని, ఖరీదైనదాన్ని కొత్తగా ఉండగానే అమ్మేయండి. ఆ డబ్బుతో మొదట మంచి సూది కొనండి, మిగిలితే ఇదే ఆల్బమ్‌లో వాయించిన కోల్ట్రేన్ ఎల్పీ ఒకటి.